మహమ్మద్ రఫీ

మహమ్మద్ రఫీ (డిసెంబర్ 24, 1924 - జూలై 31, 1980) భారతదేశపు సుప్రసిద్ధ సినీ నేపథ్య గాయకుడు. ప్రధానంగా హిందీ, ఉర్దూ భాషలలో పాడినప్పటికీ పంజాబీ, మరాఠీ, బెంగాలీ, కన్నడ, తెలుగు మొదలైన పలు భారతీయ భాషలలో కూడా పాటలు పాడాడు. దాదాపు నాలుగు దశాబ్దాల పాటు సాగిన గాన జీవితంలో భజనలు, ఖవ్వాలీలు, గజళ్ళు, దేశభక్తి గీతాలు, హాస్య గీతాలు, యుగళగీతాలు అన్నింటినీ సమాన ప్రతిభతో ఆలపించాడు. మతం, ప్రాంతం, భాష వేరైన గాయనీగాయకులతో కలిసి పాడటంలోనూ, వారి గౌరవాన్ని పొందటంలోనూ రఫీకి ప్రత్యేక స్థానముంది. తెలుగువారికి ఇతడు నందమూరి తారక రామారావు, బాలకృష్ణలకు పాడిన గాయకుడిగా కూడా సుపరిచితుడు.

బాల్యం, సంగీత శిక్షణ

రఫీ పంజాబులోని అమృత్‌సర్ జిల్లాలో మజీఠా సమీపాన గల కోట్లా సుల్తాన్ సింగ్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి హాజీ అలీ మహమ్మద్. ఆరుగురు అన్నదమ్ములలో రఫీ రెండవవాడు. ఇంట్లో ఇతడిని ఫీకో అనే ముద్దుపేరుతో పిలిచేవారు. ఊరి వీధులలో పాడుతూ తిరిగే ఒక ఫకీరు పాటలను అనుకరించడంతో రఫీకి పాట మీద మక్కువ మొదలైంది. 1935 ప్రాంతంలో తండ్రి లాహోరుకు తరలివెళ్ళి, అక్కడి భాటీ దర్వాజా ప్రాంతంలో క్షౌరశాల నడిపాడు. కుటుంబంలో సంగీత వారసత్వం లేకపోయినా రఫీలోని స్వరాన్ని ఇంటివారు గుర్తించి ప్రోత్సహించారు.

లాహోరులో రఫీ ఉస్తాద్ అబ్దుల్ వహీద్ ఖాన్, పండిత్ జీవన్‌లాల్ మట్టూ, ఫిరోజ్ నిజామీల వద్ద హిందూస్థానీ సంగీతాన్ని నేర్చుకున్నాడు. హిందూ గురువు వద్ద ముస్లిం శిష్యుడు, ముస్లిం ఉస్తాదు వద్ద హిందూ శిష్యుడు నేర్చుకోవడం అప్పటి హిందూస్థానీ సంగీత ప్రపంచంలో సర్వసాధారణం. తరువాతి కాలంలో రఫీ గానంలో కనిపించే విశాలతకు ఈ శిక్షణే పునాది అని చెప్పవచ్చు. పదమూడవ యేట, కె.ఎల్. సైగల్ పాల్గొన్న ఒక సభలో రఫీ మొదటిసారిగా బహిరంగ వేదికపై పాడాడు. ఆ తరువాత లాహోరు రేడియో కేంద్రంలో పాడే అవకాశాలు కూడా వచ్చాయి.

సినీరంగ ప్రవేశం

సంగీత దర్శకుడు శ్యామ్ సుందర్ రఫీని సినిమాకు పరిచయం చేశాడు. 1944లో విడుదలైన గుల్ బలోచ్ అనే పంజాబీ చిత్రంలో జీనత్ బేగంతో కలిసి రఫీ పాడిన యుగళగీతమే అతని మొదటి సినిమా పాట. అంటే రఫీ నేపథ్య గాన జీవితం యుగళగీతంతోనే ఆరంభమైంది.

1944లో రఫీ బొంబాయి చేరుకున్నాడు. మొదట్లో భిండీ బజారు ప్రాంతంలో ఒక చిన్న గదిలో నివసించాడు. కవి తన్వీర్ నఖ్వీ ఇతడిని నిర్మాతలకు పరిచయం చేశాడు. శ్యామ్ సుందర్ సంగీతం అందించిన గావ్ కీ గోరీ (1945) చిత్రంలో హిందీ పాట పాడే అవకాశం లభించింది. నౌషాద్ స్వరపరచిన పహలే ఆప్ (1944) లో బృందగానంలో పాల్గొన్నాడు. తాను ఆరాధించిన సైగల్ నటించిన షాజహాన్ (1946) లో కూడా బృందగానంలో రఫీ గొంతు వినిపిస్తుంది. అన్‌మోల్ ఘడీ (1946) లోని పాటతో కొంత గుర్తింపు వచ్చింది. ఫిరోజ్ నిజామీ సంగీతం అందించిన జుగ్నూ (1947) లో నూర్‌జహాన్‌తో పాడిన యుగళగీతం దేశమంతటా మారుమ్రోగింది.

దేశ విభజన

1947లో దేశ విభజన జరిగినప్పుడు హిందీ సినీరంగం కూడా రెండుగా చీలింది. నూర్‌జహాన్, ఫిరోజ్ నిజామీ పాకిస్తాన్‌కు తరలివెళ్ళారు. రఫీ పాట నేర్చుకున్న లాహోరు పరాయి దేశపు నగరమయింది. అతడు పుట్టిన అమృత్‌సర్ ప్రాంతం సరిహద్దుకు ఈవల మిగిలి, మతకల్లోలాలలో తీవ్రంగా నలిగిపోయింది. రఫీ బొంబాయిలోనే ఉండిపోయాడు. జుగ్నూతో అంతటి పేరు తెచ్చుకున్న నూర్‌జహాన్, రఫీల జంట ఆ విధంగా విడిపోయింది.

1948 జనవరి 30న మహాత్మా గాంధీ హత్య జరిగిన తరువాత, కవి రాజేంద్ర కృష్ణ గాంధీజీ జీవితాన్ని పాటగా రచించగా హుస్న్‌లాల్-భగత్‌రామ్ స్వరపరచారు. దానిని రఫీ పాడాడు. సుదీర్ఘమైన ఈ పాట దేశప్రజలను కదిలించింది. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ రఫీని తన ఇంటికి పిలిపించుకుని ఆ పాట పాడించుకున్నాడు. అదే సంవత్సరం స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా నెహ్రూ చేతుల మీదుగా రఫీ వెండి పతకాన్ని అందుకున్నాడు. విభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ రోజులలో గాంధీ గాథను ఒక ముస్లిం యువకుని గొంతులో దేశం వినడం విశేషం.

బైజూ బావ్రా

రఫీని అగ్రశ్రేణి గాయకునిగా నిలబెట్టిన చిత్రం విజయ్ భట్ దర్శకత్వం వహించిన బైజూ బావ్రా (1952). సంగీతం నౌషాద్. అక్బరు కాలంనాటి ఇద్దరు గాయకుల కథ కావడంతో ఈ చిత్రంలోని పాటలన్నీ శాస్త్రీయ రాగాల ఆధారంగా కూర్చబడ్డాయి. ఇందులో మాల్కౌంస్ రాగంలోని హరి భజన మిక్కిలి ప్రసిద్ధమైనది. మాల్కౌంస్ కర్ణాటక సంగీతంలోని హిందోళ రాగానికి సమానమైనది కనుక దక్షిణాది శ్రోతలకు కూడా ఆ పాట సులువుగా చేరువయింది.

ఈ భజనను రచించిన షకీల్ బదాయూనీ, స్వరపరచిన నౌషాద్, పాడిన రఫీ ముగ్గురూ ముస్లింలే. హిందూ దేవాలయాలలోనూ, భజన మందిరాలలోనూ ఆ పాట నేటికీ వినిపిస్తూ ఉండటం భారతీయ సినీ సంగీత చరిత్రలో తరచుగా పేర్కొనే విషయం. తరువాతి కాలంలో గోపీ (1970) వంటి చిత్రాలలో కూడా రఫీ భజనలు పాడాడు. యశ్ చోప్రా దర్శకత్వం వహించిన మొదటి చిత్రం ధూల్ కా ఫూల్ (1959) లో ఒక ముస్లిం వృద్ధుడు తాను పెంచుకుంటున్న అనాథ శిశువును ఉద్దేశించి పాడే పాట రఫీ గళంలోనిదే. మతం కన్నా మనిషితనం మిన్న అని బోధించే ఆ పాటను సాహిర్ లుధియాన్వీ రచించగా, ఎన్.దత్తా స్వరపరచాడు.

1950, 1960 దశకాలలో నౌషాద్, ఎస్.డి.బర్మన్, శంకర్-జైకిషన్, ఓ.పి.నయ్యర్, రవి, మదన్ మోహన్, రోషన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్, కళ్యాణ్‌జీ-ఆనంద్‌జీ వంటి సంగీత దర్శకులందరికీ రఫీ పాడాడు. ప్యాసా (1957), కాగజ్ కే ఫూల్ (1959), హమ్ దోనో (1961), హకీకత్ (1964), గైడ్ (1965) మొదలైన చిత్రాల పాటలు అతనికి ఎనలేని కీర్తిని తెచ్చాయి. దిలీప్ కుమార్, దేవ్ ఆనంద్, షమ్మీ కపూర్, రాజేంద్ర కుమార్, జానీ వాకర్ - ఇలా ఏ నటునికి పాడితే ఆ నటుని మాటతీరుకు, నడవడికకు తగినట్లు గొంతు మలచుకోవడం రఫీ ప్రత్యేకత.

యుగళగీతాలు

రఫీ ఎక్కువ యుగళగీతాలను ఆశా భోంస్లేతో పాడాడు. ఓ.పి.నయ్యర్ సంగీతంలో వచ్చిన నయా దౌర్ (1957), కాశ్మీర్ కీ కలీ (1964) వంటి చిత్రాలలో ఈ జంట పాడిన పాటలు ఎంతో ప్రజాదరణ పొందాయి. లతా మంగేష్కర్, షంషాద్ బేగం, గీతా దత్, సుమన్ కళ్యాణ్‌పూర్‌లతో కూడా రఫీ అనేక యుగళగీతాలు పాడాడు. మగ గాయకులలో ముఖేష్, మన్నా డే, కిశోర్ కుమార్, తలత్ మహమూద్‌లతో కలిసి పాడిన పాటలున్నాయి.

ఆ కాలంలో యుగళగీతాన్ని ఇద్దరు గాయకులూ ఒకే సమయంలో, వాద్యబృందంతో సహా ఒకే గదిలో నిలబడి పాడేవారు. ఒకరు తప్పు చేస్తే పాట మొత్తం మళ్ళీ మొదటినుండి పాడవలసి వచ్చేది. అందువలన తోటి గాయకుని ఊపిరి, ఊనిక, భావం గమనిస్తూ తన గొంతును తగ్గించుకోవడమో పెంచుకోవడమో తప్పనిసరి. పై స్థాయిలో సునాయాసంగా పాడగల రఫీ, గాయని గొంతును మింగివేయకుండా మెత్తగా పాడటం ఈ పాటలలో స్పష్టంగా గమనించవచ్చు.

బర్సాత్ కీ రాత్ (1960) లో రోషన్ స్వరపరచిన సుదీర్ఘమైన ఖవ్వాలీ ఇటువంటి కలయికకు గొప్ప ఉదాహరణ. ఇందులో రఫీ, మన్నా డే, ఆశా భోంస్లే, సుధా మల్హోత్రా, ఎస్.డి.బాతిష్ పాల్గొన్నారు. సూఫీ సంప్రదాయానికి చెందిన ఖవ్వాలీలో కృష్ణభక్తి ప్రస్తావన కూడా చేర్చి సాహిర్ రచించిన ఆ పాట హిందీ సినిమా ఖవ్వాలీలలో అగ్రగణ్యమైనదిగా పేరుపొందింది.

లతా మంగేష్కర్‌తో వివాదం

1960 దశకం ఆరంభంలో రఫీకి, లతా మంగేష్కర్‌కు మధ్య పాటల రాయల్టీ విషయంలో అభిప్రాయభేదం ఏర్పడింది. గ్రామఫోను రికార్డుల అమ్మకంపై వచ్చే ఆదాయంలో గాయకులకు కూడా వాటా ఉండాలని లత వాదించింది. పాడినందుకు నిర్మాత నుండి పారితోషికం తీసుకున్న తరువాత గాయకునికి మరే హక్కూ ఉండదని రఫీ అభిప్రాయపడ్డాడు. రఫీ తమ పక్షాన నిలబడకపోవడం రాయల్టీ కోరుతున్న గాయకులకు పెద్ద దెబ్బ అయింది. మాయా (1961) చిత్రపు పాట విషయంలో కూడా ఇద్దరికీ మాటపట్టింపు వచ్చింది. ఫలితంగా కొన్ని సంవత్సరాల పాటు ఇద్దరూ కలిసి పాడలేదు.

ఆ కాలంలో రఫీ యుగళగీతాలు ఎక్కువగా ఆశా భోంస్లే, సుమన్ కళ్యాణ్‌పూర్‌లకు దక్కాయి. లత కూడా ఇతర గాయకులతో పాడింది. అయితే సంగీత దర్శకులకు ఈ ఎడబాటు పెద్ద లోటుగా తోచింది. పలువురి మధ్యవర్తిత్వంతో ఇద్దరూ రాజీపడి, 1967లో వచ్చిన జ్యువెల్ థీఫ్ నాటికి తిరిగి కలిసి పాడసాగారు. అటుపిమ్మట రఫీ చివరి రోజుల వరకు ఈ జంట కొనసాగింది. ఈ వివాదంలో మతానికి గాని, ప్రాంతానికి గాని ఏ ప్రమేయమూ లేదు. అది పూర్తిగా వృత్తికి సంబంధించిన తగవు. నేపథ్య గాయకులకు రాయల్టీలో వాటా హక్కు ఆ తరువాత ఎంతో కాలానికి, 2012లో కాపీరైటు చట్టానికి జరిగిన సవరణతో లభించింది. ఈ విషయంలో లత ముందుచూపును, చిన్న నిర్మాతల కష్టనష్టాలను ఎరిగిన రఫీ ఔదార్యాన్ని రెండింటినీ సినీ చరిత్రకారులు గుర్తిస్తారు.

సమకాలిక గాయకులతో సంబంధాలు

రఫీ, కిశోర్ కుమార్‌లను వారి అభిమానులు ప్రత్యర్థులుగా భావించినప్పటికీ వారిద్దరి మధ్య స్నేహమే ఉండేది. కిశోర్ కుమార్ కథానాయకునిగా నటించిన రాగిణి (1958) చిత్రంలో శాస్త్రీయ రాగం ఆధారంగా కూర్చిన ఒక పాటను కిశోర్‌కు బదులుగా రఫీ పాడాడు. స్వయంగా గాయకుడైన నటుడు తెరపై మరొక గాయకుని గొంతుకు పెదవులు కదపడం అరుదైన విషయం. షరారత్ (1959) లో కూడా కిశోర్‌కు రఫీ గొంతు వినిపిస్తుంది.

శాస్త్రీయ సంగీతంలో దిట్ట అయిన మన్నా డే, రఫీ తనకన్నా గొప్ప గాయకుడని పలు సందర్భాలలో బహిరంగంగా అంగీకరించాడు. అమృత్‌సర్‌లోనే పుట్టిన మహేంద్ర కపూర్ చిన్ననాటి నుండి రఫీని గురువుగా భావించాడు. ఇద్దరి గొంతులలో పోలిక ఉండటం వలన వారు కలిసి పాడటం చాలా అరుదు. ఆద్మీ (1968) చిత్రంలో రఫీ, తలత్ మహమూద్ కలిసి పాడిన ఒక పాటను తరువాత తలత్ స్థానంలో మహేంద్ర కపూర్‌తో మళ్ళీ రికార్డు చేయడం వలన గురుశిష్యులిద్దరి గొంతులూ ఒకే పాటలో చేరాయి.

మన్‌మోహన్ దేశాయ్ దర్శకత్వంలో వచ్చిన అమర్ అక్బర్ ఆంథోనీ (1977) లో లక్ష్మీకాంత్-ప్యారేలాల్ స్వరపరచిన ఒక పాటను రఫీ, కిశోర్ కుమార్, ముఖేష్, లత నలుగురూ కలిసి పాడారు. హిందువుగా, ముస్లింగా, క్రైస్తవునిగా పెరిగిన ముగ్గురు అన్నదమ్ముల కథ ఇది. ఇందులో అక్బర్ పాత్రధారి రిషి కపూర్‌కు ఖవ్వాలీని, షిర్డీ సాయిబాబా భక్తిగీతాన్ని కూడా రఫీయే పాడాడు. ఈ చిత్రం ఆధారంగా తెలుగులో రామ్ రాబర్ట్ రహీమ్ (1980) నిర్మించబడింది.

తెలుగువారితో అనుబంధం

రఫీ పాటలు తెలుగు ప్రాంతాలకు మొదట హిందీ చిత్రాల ద్వారా, రేడియో ద్వారా చేరాయి. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన బినాకా గీత్‌మాలా, 1957లో ఆకాశవాణి ప్రారంభించిన వివిధ భారతి ఇందుకు ముఖ్య సాధనాలు. పూర్వపు హైదరాబాదు రాజ్యంలోని ప్రాంతాలలో ఉర్దూ వాడుక భాష కావడంతో అక్కడి శ్రోతలకు ఈ పాటల సాహిత్యం అర్థం కావడానికి అనువాదం అక్కరలేకపోయింది. తెలుగు, ఉర్దూ, కన్నడ భాషలు కలిసిమెలిసి వినిపించే జహీరాబాదు, కోహీర్ వంటి బీదరు సరిహద్దు ఊళ్ళు కూడా ఈ కోవలోనివే.

శంకర్-జైకిషన్ జంటలోని శంకర్ బాల్యం హైదరాబాదులో గడచింది. అతనికి తెలుగు వచ్చు. వీరు స్వరపరచిన శ్రీ 420 (1955) లోని ఒక బృందగీతంలో పల్లవి తెలుగు మాటలతో మొదలవుతుంది. ఆ పాటను రఫీ, లత, ముఖేష్ కలిసి పాడారు. రఫీ గొంతులో తెలుగు మాటలు దేశమంతటా వినిపించడానికి ఇది తొలి సందర్భాలలో ఒకటి.

తెలుగు దర్శక నిర్మాతలు హిందీలో తీసిన చిత్రాలకు కూడా రఫీ విస్తారంగా పాడాడు. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం వహించిన మిస్సమ్మ (1955) లో ఏ.ఎం.రాజా, పి.సుశీల పాడిన కృష్ణగీతపు బాణీని హిందీ మిస్ మేరీ (1957) లో రఫీ, లత పాడారు. ఆదినారాయణరావు సంగీత దర్శకత్వంలోని సువర్ణసుందరి (1957) లో ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలిక తెలుగువారికి సుపరిచితమే. దాని హిందీ రూపాన్ని రఫీ, లత పాడారు. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాలలో సాగే ఆ పాటలో ఒకే బాణీని నలుగురు మహాగాయకులు రెండు భాషలలో ఎలా పాడారో పోల్చి వినవచ్చు. తాతినేని ప్రకాశరావు ఇల్లరికం (1959) చిత్రాన్ని హిందీలో ససురాల్ (1961) గా తీయగా, ఆ చిత్రానికి రఫీకి ఫిలింఫేర్ పురస్కారం లభించింది. ప్రకాశరావు దర్శకత్వం వహించిన సూరజ్ (1966) చిత్రానికి కూడా రఫీ అదే పురస్కారాన్ని అందుకున్నాడు. ఆ విధంగా రఫీ పొందిన ఆరు ఫిలింఫేర్ పురస్కారాలలో రెండు తెలుగు దర్శకుని చిత్రాలకు వచ్చినవే. కె.విశ్వనాథ్ తన సిరిసిరిమువ్వ (1976) చిత్రాన్ని హిందీలో సర్గమ్ (1979) గా తీసినప్పుడు అందులోని పాటలు రఫీ, లత పాడారు.

నేరుగా తెలుగు చిత్రాలలో రఫీ గొంతు చిత్తూరు నాగయ్య నిర్మించి, దర్శకత్వం వహించిన రామదాసు (1964) లో వినిపించింది. ఇందులో కబీరు పాత్ర ధరించిన గుమ్మడి వెంకటేశ్వరరావుకు రఫీ పాడాడు. రామభక్తుడైన గోపన్న కథలో కబీరు గానానికి నాగయ్య వంటి గాయక నటుడు రఫీని ఎన్నుకోవడం గమనార్హం.

బి.ఏ.సుబ్బారావు దర్శకత్వం వహించిన భలే తమ్ముడు (1969) లో రఫీ ఎన్.టి.రామారావుకు పాడాడు. హిందీ చైనా టౌన్ (1962) ఆధారంగా నిర్మించిన ఈ చిత్రానికి టి.వి.రాజు సంగీతం సమకూర్చాడు. హిందీ మూలంలో షమ్మీ కపూర్‌కు పాడినది కూడా రఫీయే. భలే తమ్ముడులో పి.సుశీలతో రఫీ పాడిన యుగళగీతం జనాదరణ పొందింది. అప్పటికి రామారావు పాటలంటే ఘంటసాల గొంతే అన్నంతగా ప్రేక్షకులు అలవాటుపడి ఉన్నారు. అటువంటి సమయంలో తెలుగు మాతృభాష కాని గాయకుని గొంతును తెలుగు ప్రేక్షకులు ఆదరించడం విశేషం. ఉచ్చారణలో ఉత్తరాది యాస వినిపించినా భావ ప్రకటనలో, స్వర మాధుర్యంలో లోటు లేకపోవడమే ఇందుకు కారణం.

బి.వి.ప్రసాద్ దర్శకత్వంలోని ఆరాధన (1976) లో రామారావు గాయకుని పాత్ర ధరించాడు. హిందీ గీత్ (1970) ఈ చిత్రానికి మూలం. సాలూరి హనుమంతరావు సంగీతంలో ఎస్.జానకితో కలిసి రఫీ పాడిన యుగళగీతాలు తెలుగులో అతని పాటలన్నింటిలో మిక్కిలి ప్రసిద్ధి చెందాయి. హిందీలో లతతో పాడిన పాట బాణీనే తెలుగులో జానకితో పాడటం ఇందులోని మరో విశేషం.

రామారావు స్వీయ దర్శకత్వంలో నిర్మించిన అక్బర్ సలీం అనార్కలి (1978) కి సి.రామచంద్ర సంగీతం అందించాడు. హిందీ అనార్కలి (1953) కి సంగీతం సమకూర్చినది కూడా ఇతడే. ఇందులో సలీం పాత్రధారి బాలకృష్ణకు రఫీ పాడాడు. పి.సుశీలతో పాడిన యుగళగీతం ఎంతో పేరు పొందింది. పాటల రచయిత సి.నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న తెలుగు కవి. మొగలు కథకు తెలంగాణ కవి మాట, మహారాష్ట్ర సంగీతజ్ఞుని బాణీ, పంజాబీ గాయకుని గొంతు, ఆంధ్ర గాయని తోడు ఈ చిత్రంలో ఒకచోట చేరాయి.

ఇతర దేశాలు, ఇతర భాషలు

1968లో రఫీ రెండు ఆంగ్ల గీతాలను పాడాడు. వీటిని రచించినది హైదరాబాదులో జన్మించిన కవి, నటుడు హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ. ఇతడు సరోజినీ నాయుడు తమ్ముడు. శంకర్-జైకిషన్ హిందీలో కూర్చిన బాణీలకే ఈ ఆంగ్ల పదాలు అమర్చబడ్డాయి. వేర్వేరు దేశాలలో పుట్టినా మానవులందరిదీ ఒకే భూమి అనే భావం ఒక పాటలో ఉంది. అమెరికాలో నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురైన సంవత్సరం కూడా 1968 కావడం వలన ఆ భావానికి ప్రత్యేక ప్రాముఖ్యత కనిపిస్తుంది. బాక్సింగ్ పట్ల ఆసక్తి గల రఫీ తన అమెరికా పర్యటనలో నల్లజాతి బాక్సింగ్ వీరుడు మహమ్మద్ అలీని కలుసుకున్నాడు.

మరాఠీలో శ్రీకాంత్ ఠాక్రే స్వరపరచిన పాటలను రఫీ పాడాడు. కన్నడంలో ఒందే బళ్ళియ హూగళు (1967) చిత్రంలో పాడాడు.

1970 దశకం

హిందీ ఆరాధన (1969) విజయంతో కిశోర్ కుమార్ అగ్రస్థానానికి చేరుకున్నాడు. ఆ చిత్రంలో రఫీ పాడిన రెండు యుగళగీతాలు కూడా ఉన్నాయి. తరువాత కొన్ని సంవత్సరాలు రఫీకి అవకాశాలు తగ్గాయి. లైలా మజ్నూ (1976), హమ్ కిసీసే కమ్ నహీఁ (1977), అమర్ అక్బర్ ఆంథోనీ (1977), సర్గమ్ (1979), కర్జ్ (1980) చిత్రాలతో తిరిగి పూర్వ వైభవాన్ని పొందాడు. తెలుగులో ఆరాధన, అక్బర్ సలీం అనార్కలి పాటలు కూడా ఈ కాలానికి చెందినవే.

రఫీ పాడిన పాటల సంఖ్య పాతిక వేలకు పైబడినదని ఒకప్పుడు ప్రచారం జరిగింది. గిన్నిస్ గ్రంథంలో ఈ విషయమై వివాదం కూడా నడిచింది. తరువాత సేకర్తలు కూర్చిన పట్టికల ప్రకారం హిందీ సినిమా పాటలు సుమారు నాలుగున్నర వేలు.

వ్యక్తిత్వం

రఫీ మితభాషి. మద్యానికి, విందు వినోదాలకు దూరంగా ఉండేవాడు. పాట రికార్డింగు పూర్తికాగానే ఇంటికి వెళ్ళిపోయేవాడు. కొత్త సంగీత దర్శకులకు, ఆర్థిక ఇబ్బందులలో ఉన్న నిర్మాతలకు నామమాత్రపు పారితోషికానికే పాడేవాడు. సంగీత దర్శకుడు నిసార్ బజ్మీ వద్ద చెల్లించడానికి సొమ్ము లేనప్పుడు ఒక్క రూపాయి తీసుకుని పాడాడు. లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌ల మొదటి చిత్రం పారస్‌మణి (1963) నుండి వారికి అండగా నిలిచాడు. వారి సంగీతంలో రఫీ మూడు వందలకు పైగా పాటలు పాడాడు.

మరణం

1980 జూలై 31 రాత్రి రఫీ గుండెపోటుతో బొంబాయిలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 55 సంవత్సరాలు. అది రంజాన్ మాసం. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ సంగీతంలో ఆస్‌పాస్ (1981) చిత్రం కోసం పాడినదే చివరి పాట. మరునాడు శుక్రవారం కుండపోత వర్షంలో అంత్యక్రియలు జరిగాయి. వేలాదిమంది ప్రజలు మతభేదం లేకుండా వెంట నడిచారు. భారత ప్రభుత్వం రెండు రోజులు సంతాప దినాలుగా ప్రకటించింది. జుహూ శ్మశానవాటికలో ఇతడిని ఖననం చేశారు. స్థలాభావం కారణంగా 2010లో అక్కడి పాత సమాధులతో పాటు రఫీ సమాధిని కూడా తొలగించారు.

పురస్కారాలు, గుర్తింపు

భారత ప్రభుత్వం 1967లో రఫీకి పద్మశ్రీ పురస్కారాన్ని ప్రదానం చేసింది. హమ్ కిసీసే కమ్ నహీఁ చిత్రంలోని పాటకు 1977 సంవత్సరపు జాతీయ ఉత్తమ గాయకుడు పురస్కారం లభించింది. ఫిలింఫేర్ ఉత్తమ గాయకుడు పురస్కారం ఆరు సార్లు లభించింది. ఆ చిత్రాలు:

చౌదవీ కా చాంద్ (1960) - సంగీతం: రవి
ససురాల్ (1961) - సంగీతం: శంకర్-జైకిషన్
దోస్తీ (1964) - సంగీతం: లక్ష్మీకాంత్-ప్యారేలాల్
సూరజ్ (1966) - సంగీతం: శంకర్-జైకిషన్
బ్రహ్మచారి (1968) - సంగీతం: శంకర్-జైకిషన్
హమ్ కిసీసే కమ్ నహీఁ (1977) - సంగీతం: ఆర్.డి.బర్మన్

వీటిలో మొదటి నాలుగు పురస్కారాలు గాయకులకు, గాయనులకు కలిపి ఒకే బహుమతి ఇచ్చే రోజులలో వచ్చినవి.

2003లో భారత తపాలా శాఖ ముఖేష్, కిశోర్ కుమార్, హేమంత్ కుమార్‌లతో పాటు రఫీ స్మారకంగా తపాలా బిళ్ళలను విడుదల చేసింది. ముంబైలోని బాంద్రాలో ఒక కూడలికి పద్మశ్రీ మహమ్మద్ రఫీ చౌక్ అని పేరు పెట్టారు. 2024లో రఫీ శతజయంతి జరిగింది. తెలుగులో అతడు పాడిన పాటలు కొద్దివే అయినా, సుశీల, జానకిలతో పాడిన యుగళగీతాలు తెలుగు సినీ సంగీతంలో చెరగని స్థానం సంపాదించుకున్నాయి.